ప్యాకెట్లో ఉన్నది ఒట్టి గాలేనా?
సకినాల నుంచి పొగ బిస్కెట్ల దాకా తిండిలో వాయువుల సంగతి

వేములవాడ: కోడె మొక్కు చెల్లించి, రాజన్నను దర్శించుకుని గుడి బయటికి రాగానే పిల్లల కళ్లు పడేది దుకాణాల ముందు దండలు దండలుగా వేలాడే రంగురంగుల చిప్సు ప్యాకెట్ల మీదే. పేలాలు, పుట్నాలు, బత్తీసలు గంపల్లో పోసి అమ్మేవారి ముందు ఇప్పుడు ఆగేది పెద్దలే. పిల్లలు మాత్రం ప్యాకెట్ ఇప్పించేదాకా అడుగు కదపరు. తీరా కొనిచ్చి చింపి చూస్తే, అంత ఉబ్బిన ప్యాకెట్లో అడుగున పిడికెడు ముక్కలు కనిపిస్తాయి. 'గాలికి డబ్బులు కట్టించుకుంటున్నారు' అని గొణుక్కోని తల్లిదండ్రులు అరుదు.

ఆ గాలి సంగతి చాలామందికి తెలియదు. అది మామూలు గాలి కాదు, గాలిలోంచి వేరుచేసిన నత్రజని. కొన్ని ప్యాకెట్ల వెనుక చిన్న అక్షరాల్లో ఆ మాట అచ్చువేసి ఉంటుంది కూడా. చదువుకున్న కుర్రవాడెవరైనా ఆ మాట చదివి వినిపిస్తే రైతు కుటుంబాల్లో మరో అనుమానం పుడుతుంది. నత్రజని అంటే పల్లెల్లో అందరికీ యూరియా బస్తానే గుర్తుకొస్తుంది మరి. పొలానికి చల్లే మందు వాయువును పిల్లలు తినే వస్తువులో ఎందుకు నింపినట్టు? ఈ ప్రశ్న అమాయకమైనదేమీ కాదు. దీనికి జవాబు మన జిల్లా దగ్గరే ఉంది.

రామగుండం యూరియా, చిప్సు ప్యాకెట్

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. ప్రాణవాయువు 21 పాళ్లు. మిగిలిన ఒక్క పాలులో ఎక్కువ భాగం ఆర్గాన్ అనే వాయువు. బొగ్గుపులుసు వాయువు 0.04 పాళ్లు మాత్రమే. అంటే ప్రతి శ్వాసలోనూ మనం పీల్చి వదిలేది ప్రధానంగా నత్రజనినే. అది మన ఒంట్లో ఏ పనీ చేయదు, ఏ హానీ చేయదు. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే తిరిగి వస్తుంది.

ఈ మొండి వాయువును లొంగదీసుకుని ఎరువుగా మార్చడానికే పెద్ద పెద్ద కర్మాగారాలు కావలసి వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో ఫెర్టిలైజర్ కార్పొరేషన్ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గు ఆధారంగా నడిచిన ఆ కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ జరిగే పని క్లుప్తంగా ఇది. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియా చేస్తారు. అమోనియాకు బొగ్గుపులుసు వాయువును చేర్చి యూరియా తీస్తారు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని ఉంటుంది.

చిప్సు ప్యాకెట్లో ఉండే నత్రజని ఏ మార్పూ చెందనిది. గాలిలో ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. యూరియాకూ దానికీ బంధుత్వం ఉన్నమాట నిజమే గానీ, రెండూ ఒకటి కావు. సముద్రపు ఉప్పులోనూ, బట్టలకు వేసే తెల్లపొడిలోనూ క్లోరిన్ ఉన్నది కదా అని రెండింటినీ కూరలో వేసుకోం.

ప్రాణవాయువే నూనెకు శత్రువు

నూనెలో వేయించిన ఏ పదార్థమైనా గాలి తగిలేచోట ఉంచితే కొన్నాళ్లకు కంపు కొడుతుంది. ప్రాణవాయువు నూనెతో కలిసి దాన్ని చెడగొట్టడమే అందుకు కారణం. వెలుతురు, వేడి తోడైతే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మనిషిని బతికించే వాయువే మురుకును చంపుతుందన్నమాట. ప్యాకెట్ మూసే ముందు అందులోని మామూలు గాలిని వెళ్లగొట్టి నత్రజని నింపితే ప్రాణవాయువు 21 పాళ్ల నుంచి సాధారణంగా రెండు మూడు పాళ్లకు, ఇంకా బాగా చేస్తే ఒక పాలుకు దిగిపోతుంది. ఉబ్బుగా ఉండటంవల్ల మరో లాభం కూడా ఉంది. లారీలో బస్తాల కింద పడినా పలుచటి ముక్కలు నుజ్జు కావు.

బరువులో మోసం ఉందా అంటే, వాయువు వల్ల లేదు. లీటరు నత్రజని బరువు గ్రాము, గ్రాముంపావు మధ్యన ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి బరువు కూడా ఇంచుమించు అంతే. అందువల్ల ప్యాకెట్ను కాటాలో పెడితే నత్రజని కారణంగా ముల్లు కదలదు. లోపలి సరుకు నికర బరువు ఇంత అని ప్యాకెట్ మీద అచ్చువేయాలన్నది చట్టం. ఆ అంకె చూసి కొనాలి గానీ ప్యాకెట్ లావు చూసి కొనరాదు. ఎంత నింపితే సరుకు భద్రంగా ఉంటుందో అంతకు మించి ఉబ్బించి, కంటికి పెద్దదిగా చూపించే కంపెనీలు లేకపోలేదు. తూకం కచ్చితమే, కనికట్టు కంటికి. అచ్చువేసిన బరువు కంటే సరుకు తక్కువగా ఉంటే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల ఫోన్ నంబరు 1915.

తాతలనాటి పాతర

ఈ విద్య పట్నం కంపెనీలు కనిపెట్టిందని అనుకుంటే పొరపాటు. జొన్నలు దండిగా పండిన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో పాతరలు ఉండేవి. గట్టి నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరచి, గింజలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా గింజకు పురుగు పట్టేది కాదు.

గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. పాతరలో మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువును గింజలు, పురుగులు కలిసి పీల్చేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ప్రాణవాయువు అయిపోయాక పురుగు చస్తుంది, గింజ మిగులుతుంది. సిలిండరు లేదు, మిషను లేదు. జరిగే పని మాత్రం నేటి ప్యాకెట్లో జరిగేదే.

ఆ పాతరే ప్రాణాలు తీసేది కూడా. మూత తీసిన వెంటనే దిగినవాడు లోపలే కూలబడిపోయేవాడు. అతణ్ణి తీయబోయి దిగిన రెండోవాడిదీ అదే గతి. బొగ్గుపులుసు వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. గొయ్యి అడుగున నీళ్లలా నిలిచిపోతుంది. అందుకే పెద్దలు పాతర మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపాన్ని తాడుకు కట్టి దింపి, అది ఆరకుండా ఉంటేనే మనిషిని దించేవారు. పాడుబడిన బావి విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించేవారు. ఇక్కడొక హెచ్చరిక అవసరం. గోబర్ గ్యాస్ గుంతల్లో, మరుగుదొడ్ల ట్యాంకుల్లో మండే వాయువు ఉంటుంది గనుక అక్కడ దీపం దింపితే పేలిపోతుంది. పాతర మందు వేరు, ట్యాంకు జబ్బు వేరు.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్ దేశపు రైతుల అలసందలు పురుగు పట్టకుండా మూడు పొరల సంచి ఒకటి తయారుచేశారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన అల్లిన గోనె. మూతి బిగించి కడితే చాలు, మందు అక్కరలేదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ కూడా కందులు, పల్లీల మీద ఈ సంచులను పరీక్షించింది. అది మన పాతరకు చుట్టమేనని వేరే చెప్పనక్కరలేదు.

గోళీ సోడా, కల్లు కుండ

జాతరలో దాహమైనవాడు తాగే గోళీ సోడాలోని 'గ్యాసు' కూడా ఈ బొగ్గుపులుసు వాయువే. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో సారాయి బట్టీ పక్కన ఉంటూ, పులిసే తొట్టెల మీద తేలే వాయువును నీళ్లలో కలిపి జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన 1767లో మొదటిసారి సోడా నీళ్లు చేశాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చాడు. గోళీ ఉన్న సీసాను 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు రూపొందించాడు. సీసాను తలకిందులు చేసి వాయువు నింపుతారు. లోపలి ఒత్తిడికి గాజు గోళీ మూతి దగ్గరి రబ్బరు వలయానికి అతుక్కుని బిరడాలా నిలుస్తుంది. బొటనవేలితో నొక్కితే 'కీచు'మని లోపలికి జారుతుంది. ఇంగ్లండు మరిచిపోయిన ఆ సీసా మన దేశంలో మాత్రం బతికి ఉంది.

మన ఊళ్లలో ఆ వాయువును చూడటానికి లీడ్స్ దాకా పోనక్కరలేదు. తాటి కల్లు కుండ మూతి మీది నురగ చాలు. కల్లులోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి తింటూ ఒకవైపు మత్తు పదార్థాన్ని, మరోవైపు బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. పొంగే కల్లును సీసాలో పోసి గట్టిగా బిరడా బిగిస్తే సీసా పగలడానికి ఇదే కారణం.

సోడాలో భయపడవలసింది వాయువుకు కాదు, నీళ్లకు. ఆ వాయువు కొన్ని సూక్ష్మజీవులను అణచగలదు గానీ మురికి నీళ్లను మంచినీళ్లుగా చేయలేదు. సీసా ఎక్కడ కడిగారు, నీళ్లు ఎక్కడివి అన్నది అడగవలసిన ప్రశ్న. 'జుయ్యి'మని పొంగింది కదా అని తాగేస్తే వచ్చే జబ్బు సోడాది కాదు, బోరుది.

సకినాలు సముద్రం దాటాలంటే

ఈ వాయువుల లెక్క పెద్ద కంపెనీలకే పరిమితమైతే ఇంత చెప్పనక్కరలేదు. కరీంనగర్ సకినాలకు ఊరూరా పేరుంది. సంక్రాంతికి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి బట్ట మీద చేత్తో చుట్లు తిప్పి వేయించే ఈ పిండివంట ఇప్పుడు పండుగ దాటి ఏడాది పొడుగునా అమ్ముడవుతోంది. సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు లేని పల్లె దాదాపు ఉండదు. దుబాయికి పోయే ఊరివాడి సంచిలో ఎవరో ఒక తల్లి పంపే సకినాల మూట ఉండి తీరుతుంది. ఆ మూట విప్పేసరికి నూనె కంపు కొడితే ఆ కొడుకు పారేయలేడు, తినలేడు.

ఇంటి దగ్గర సకినాలు, మురుకులు చేసి అమ్ముకునే మహిళలకు ఇది బతుకుతెరువు సమస్య. దుకాణదారు సరుకు తీసుకుని, వాసన వచ్చిందని వారం పది రోజులకు తిప్పి పంపితే నష్టమంతా చేసినవారిదే. పిండి, నూనె, గ్యాసు, చాకిరీ అన్నీ మట్టి. పెద్ద కంపెనీ ప్యాకెట్ నెలల తరబడి కరకరలాడుతుంటే, అంతకంటే రుచిగల మన సకినం పలుచటి కవరులో మెత్తబడిపోతోంది. తేడా చేతివాటంలో లేదు. కవరులో ఉంది, అందులో నింపే వాయువులో ఉంది.

కిరాణాలో దొరికే పలుచటి తెల్ల పాలిథిన్ కవరు కంటికి మూసినట్టే కనిపిస్తుంది గానీ ప్రాణవాయువు దాని గుండా మెల్లమెల్లగా లోపలికి దూరుతూనే ఉంటుంది. అలాంటి కవరులో నత్రజని నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. లోపలి వైపు వెండిలా మెరిసే పొర ఉన్న కవరు వాడాలి. ఆ మెరుపు అందం కోసం కాదు, అతి పలుచగా పూసిన అల్యూమినియం అది. గాలిని, తేమను, వెలుతురును మూడింటినీ అడ్డుకుంటుంది. గాలి మొత్తం లాగేసి మూసే పద్ధతి కూడా ఉంది గానీ సకినానికి అది పనికిరాదు. కవరు బిగుసుకుని చుట్లన్నీ పటపటా విరిగిపోతాయి. అందువల్లే ఉబ్బుగా నిలబెట్టే నత్రజని కావాలి.

వేయించిన వెంటనే వేడిమీద మూయకూడదు. లోపలి ఆవిరి చెమ్మగా మారి సకినం మెత్తబడుతుంది. నూనె బాగా వడకట్టి, పూర్తిగా చల్లారాకనే ప్యాక్ చేయాలి. రెండు మూడు వాయిలు వాడి నల్లబడిన నూనెలో వేయించిన సరుకును ఏ వాయువూ కాపాడలేదు. నత్రజని చెడును ఆపుతుంది గానీ చెడిపోయినదాన్ని బాగుచేయదు.

ఖర్చు విషయానికొస్తే, వాయువు కంటే మిషనుకే ఎక్కువ. మామూలు పెద్ద సిలిండరులో సుమారు 7 ఘనపు మీటర్ల, అంటే 7 వేల లీటర్ల నత్రజని పడుతుంది. ప్యాకెట్‌కు వృథాతో కలిపి రెండు లీటర్లు పోయినా మూడు వేలకు పైగా ప్యాకెట్లు నింపవచ్చు. కొనేటప్పుడు ఆహారానికి వాడదగినదని ధ్రువీకరించిన వాయువే అడిగి తీసుకోవాలి. వెల్డింగు పనులకు తిరిగే సిలిండరులో స్వచ్ఛత ఎంతో ఎవరూ హామీ ఇవ్వరు. ఇలాంటి చిన్న పరిశ్రమల కోసం కేంద్రం 2020 జూన్‌లో ఒక పథకం ప్రారంభించింది. యూనిట్ ఖర్చులో నూటికి 35 పాళ్లు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ, స్వయం సహాయక సంఘాల సభ్యులకు తలా 40 వేల రూపాయల మూలధనం అందులో పెట్టారు. పథకం పేరు వినని సంఘాలు ఇంకా ఉండటం విచారకరం. గడువు, షరతులు ఇప్పుడెలా ఉన్నాయో మండల కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తర్వాతే అప్పుకు సంతకం చేయడం మంచిది.

సిలిండరు పెట్టిన గది కిటికీలు తెరిచి ఉంచాలన్నది మరువరాదు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో ఒక సిలిండరు మొత్తం కారిపోతే ప్రాణవాయువు 21 పాళ్ల నుంచి 16, 17 పాళ్లకు పడిపోతుంది. దీపం ఆరిపోయే స్థాయి అది. నత్రజనికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడటం లేదన్న సూచన కూడా శరీరానికి అందదు. మనిషి తెలియకుండానే ఒరిగిపోతాడు. అమెరికాలో జార్జియా రాష్ట్రం గైన్స్‌విల్‌లోని ఒక కోళ్ల మాంసం కర్మాగారంలో 2021 జనవరి 28న ద్రవ నత్రజని కారి ఆరుగురు కార్మికులు ఇలాగే చనిపోయారు.

లడ్డు, సర్వపిండి, గారెల వంటి తడి ఉన్న వాటికి ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. బూజుకు, క్రిములకు కావలసిన తేమ వాటిలోనే ఉంటుంది. పైగా ప్రాణవాయువు లేనిచోటే పెరిగే బొటులినం అనే క్రిమి ఒకటి ఉంది. దాని విషం అతి ప్రమాదకరమైనది. తడి వంటకాన్ని గాలి లేకుండా మూసి, చల్లగా ఉంచకుండా వదిలేస్తే ఆ క్రిమికి విందు చేసినట్టే. అందుకే పొడి చిప్సు ప్యాకెట్ ఉబ్బితే భయం లేదు గానీ, పాలు, పనీరు, తడి కూర వంటివి ఉన్న ప్యాకెట్ కొన్న తర్వాత దానంతటదే ఉబ్బితే రుచి కూడా చూడకుండా పారేయాలి. మొదటిది నింపిన వాయువు, రెండోది క్రిములు పుట్టించిన వాయువు.

నురగ తెప్పించే వాయువు, నెట్టే వాయువు

పట్నాల్లో పెద్ద హోటళ్లలో డబ్బా నొక్కగానే తెల్లటి క్రీము నురగలా బయటికి వస్తుంది. దాన్ని నెట్టేది నైట్రస్ ఆక్సైడ్. ప్రీస్ట్లీయే దీన్నీ 1772లో కనిపెట్టాడు. పీల్చినవారు నవ్వడం చూసి నవ్వించే వాయువు అన్నారు. ఆస్పత్రుల్లో మత్తుమందుగానూ వాడతారు. వెన్నలో బాగా కరగడం దీని గుణం. మూత తీయగానే కరిగిన వాయువు బుడగలుగా విడిపోయి క్రీమును పొంగిస్తుంది. బొగ్గుపులుసు వాయువు వాడితే క్రీము పులుపెక్కుతుంది, నత్రజని వాడితే పొంగదు. మన పట్టణాల బేకరీల్లో కేకుల మీద పూసేది చాలావరకు మిషనుతో గిలక్కొట్టిన క్రీమే గనుక ఈ వాయువు అవసరం తక్కువ. క్రీము ద్వారా తిన్నప్పుడు దీనివల్ల చెరుపు లేదు. నేరుగా పీల్చే దురలవాటు పట్టిన యువకులకు మాత్రం బి12 విటమిను పనిచేయక నరాలు దెబ్బతింటాయి. బ్రిటన్ ప్రభుత్వం 2023 నవంబరులో మత్తు కోసం దీన్ని దగ్గర ఉంచుకోవడాన్నే నేరం చేసింది.

పెనం మీద చిమ్మే నూనె డబ్బాల్లో కొన్నిటిని నెట్టేది వంటింటి సిలిండరులో ఉండే బ్యూటేను, ప్రొపేనులే. వంట గ్యాసుకు ఉండే కంపు దాని సొంతం కాదు, కారితే తెలియడానికి కలిపేది. నూనె డబ్బాలో ఆ కంపు కలపరు. పొయ్యి వెలుగుతుండగా ఆ డబ్బా నొక్కడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనవసరం లేదు. ఒకప్పుడు ఇదే పనికి మంటపట్టని క్లోరోఫ్లోరోకార్బన్లు వాడేవారు. అవి ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తున్నాయని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరి, 2010 నాటికి వాటి వాడకాన్ని మానేసింది.

ఆహారంలో వాడే ప్రతి వాయువుకూ అంతర్జాతీయంగా ఒక నంబరు ఉంది. బొగ్గుపులుసు వాయువుది 290, ఆర్గాన్‌ది 938, నత్రజనిది 941, నైట్రస్ ఆక్సైడ్‌ది 942, ప్రొపేనుది 944. ప్యాకెట్ మీద ఐ.ఎన్.ఎస్. అనే అక్షరాల పక్కన ఉండే అంకెలు ఈ వరసలోవే. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న దుకాణమైనా, ఇంటి దగ్గర సకినాలు చేసి అమ్మేవారైనా ఆ చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి. ప్యాకెట్ మీద 14 అంకెల నంబరు ఉందా లేదా అన్నది కొనేవారు చూడదగ్గ మొదటి గుర్తు.

జగిత్యాల మామిడి మార్కెట్ ఉన్న ప్రాంతం గనుక మరొక్క మాట. కాయను మాగబెట్టడానికి ఇథిలీన్ వాయువును గాలిలో పది లక్షలకు వంద పాళ్లు మించకుండా వాడటానికి అనుమతి ఉంది. కాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేది కూడా అదే వాయువు. కార్బైడు వేయడం నిషేధం. అందులో సంఖియా, భాస్వరం మలినాలు ఉంటాయి.

పొగ బిస్కెట్లతో జాగ్రత్త

ఇన్ని వాయువుల్లో నిజంగా భయపడవలసినది పిల్లలకు అన్నిటికంటే ముచ్చటగా కనిపించేదే. ఎగ్జిబిషన్లలో, పెళ్లి దావతుల్లో గిన్నెలోంచి తెల్లటి పొగలు చిమ్మే బిస్కెట్లు, పాన్, ఐస్‌క్రీము అమ్మడం ఈ మధ్య పరిపాటైంది. నోట్లో వేసుకుంటే ముక్కులోంచి పొగ వస్తుందని పిల్లలు ఎగబడతారు. ఆ పొగకు మూలం ద్రవ నత్రజని. ప్యాకెట్లో ఏ పాపమూ ఎరుగని వాయువే సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో నీళ్లలా మారినప్పుడు ప్రాణాంతకమవుతుంది. ఒక లీటరు ద్రవం వాయువుగా మారితే దాదాపు 700 లీటర్లు అవుతుంది. ఒక్క చెంచాడు కడుపులోకి పోయినా అక్కడికక్కడే ఉబ్బి, పేగులను, కడుపును చీల్చగలదు. తాకినచోట చర్మం కాలినట్టే గడ్డకట్టి చచ్చిపోతుంది.

2024 ఏప్రిల్‌లో కర్ణాటకలోని దావణగెరెలో పొగ బిస్కెట్ తిన్న ఒక బాలుడు నొప్పితో విలవిలలాడిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ తర్వాత తమిళనాడు ఆహార భద్రతా శాఖ హెచ్చరిక జారీచేసింది. బెంగళూరులో ఒక విందులో పొగ పాన్ తిన్న 12 ఏళ్ల బాలిక కడుపుకు రంధ్రం పడి, శస్త్రచికిత్స చేసి కడుపులో కొంత భాగం తొలగించవలసి వచ్చిన సంగతి ఆ మే నెలలో పత్రికల్లో వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం కూడా అదే నెలలో తినే వస్తువులతో ద్రవ నత్రజనిని వడ్డించరాదని ఆదేశించింది. అంతకు ముందు మార్చిలో ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఒక హోటలులో నోరు తీపి చేసుకునే పదార్థమని పొడి మంచు ఇస్తే, తిన్న ఐదుగురు నెత్తురు కక్కుకున్నారు. పొడి మంచు అంటే సున్నాకు దిగువన 78 డిగ్రీల చలిలో గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువే. సోడాలో నాలుకను చురుక్కుమనిపించేది అదే.

శివరాత్రి జాతరకు, మేడారం పోతూ ముందుగా రాజన్నను దర్శించుకునే భక్తులకు వేములవాడలో లోటుండదు. జనం పోగైనచోటికి ఇలాంటి తిరుగుడు దుకాణాలు వస్తాయి. దుకాణాలకు స్థలం వేలం వేసేటప్పుడే అమ్మే వస్తువేమిటో రాయించుకుంటే సగం బాధ తప్పుతుంది. సంబంధిత అధికారులు దీనిపై దృష్టి పెట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఎక్కడైనా పిల్లవాడు ఆ ద్రవాన్ని గానీ, పొడి మంచు ముక్కను గానీ మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు, పసర్లు పోయరాదు. కడుపు ఉబ్బినా, నొప్పి అన్నా, ఊపిరి కష్టమైనా నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తరలించాలి. ఏం తిన్నాడో వైద్యునికి స్పష్టంగా చెప్పాలి, వీలైతే అమ్మినవాడి నుంచి ఆ వస్తువు పేరు అడిగి తెలుసుకోవాలి. చేతి మీదో, పెదవి మీదో పడితే రుద్దకూడదు, నిప్పు దగ్గర కాచకూడదు. గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఇరవై నిమిషాలు ఉంచి, పొడి గుడ్డ వదులుగా చుట్టి తీసుకువెళ్లాలి.